తూర్పు హద్దు: సముద్రం

మా బామ్మర్దికి అరవై ఆరేళ్ళు. తల పూర్తిగా నెరిసింది, మెట్లెక్కాలంటే మోకాళ్ళు మొరాయిస్తాయి. అయినా కిరాయికి ఇల్లు అడగడానికి పోతే గడపలో నిలబడ్డ ఓనరు ముందుగా అడిగేది ఒక్కటే: ఫ్యామిలీయా, బ్యాచిలరా? అతను పెళ్ళి చేసుకోలేదు. కాబట్టి ఈ వయసులో కూడా చిక్కడపల్లిలో అతను బ్యాచిలరే. బ్యాచిలర్లకు ఇల్లివ్వరు. ఆ మాట అనిపించుకున్న గడపలన్నీ నాకు గుర్తున్నాయి. ఓనర్ల పేర్లు రాయను. గేట్ల రంగులు అడిగితే మాత్రం ఇప్పుడైనా వరసగా చెబుతాను.

నారాయణగూడలో ఒక కాలేజీలో అతను ల్యాబ్ అటెండరుగా చేశాడు. గాజు గొట్టాలు కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కడిగి ఉద్యోగకాలమంతా గడిపాడు. ఆ కాలేజీ చుట్టుపక్కలే, అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి దాకా, పదకొండు ఇళ్ళు మారాడు. ఒకచోట ఓనరు బిడ్డ పెళ్ళన్నారు, ఒకచోట ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కడతామన్నారు, ఒకచోట కారణమే చెప్పలేదు. చివరి ఇల్లు అశోక్‌నగర్‌లో. ఉద్యోగ పరీక్షలకు చదువుకోవడానికి జిల్లాల నుంచి పిల్లలు వస్తారు కదా, గదికి ఆరు మంచాలు వేస్తే లాభమని ఆ ఓనరు ఇంటిని హాస్టల్ చేశాడు. మా బామ్మర్ది పన్నెండేళ్ళు తాను ఒక్కడే ఉన్న గదిలోనే, ఆరు మంచాల్లో ఒక మంచం తీసుకున్నాడు. ఆ పెద్దమనిషి మంచానికి కూడా అడ్వాన్సు అడిగాడు. ఇది అన్యాయం కాదా అని నేను అరిస్తే, కిటికీ పక్క మంచం దొరికింది గద బావా అని మా బామ్మర్ది నన్నే ఓదార్చాడు.

మా ఇంటి మీద ఒక గది ఖాళీగా ఉంది. వచ్చి ఉండమని చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. అక్కింట్లో తమ్ముడు ఉండొద్దంటాడు. వచ్చినప్పుడు చేతిలో జామపండ్లో అరటిపండ్లో ఉంటాయి. అన్నం తింటాడు, పోతాడు. ఒక్క రాత్రి పడుకున్నది లేదు.

నా సంగతి కూడా కొంత చెప్పాలి. నేను చదివింది ఐదో తరగతి. ఆ తర్వాత నారాయణగూడలో ఒక ప్రెస్సులో బైండింగు పనికి కుదిరాను. మిగతా చదువంతా కుట్టడానికి వచ్చిన పుస్తకాల్లోదే. బైండరు చదువు తీరే వేరు. ఒక ఫారం మడుస్తూ పదహారు పేజీలు చదువుతాం, తర్వాతి పదహారు పక్కవాడి చేతిలో ఉంటాయి. మధ్యలో ఏం పోయిందో తెలుసుకోవడానికి సెలవు రోజుల్లో చిక్కడపల్లి లైబ్రరీకి పోయేవాణ్ణి. అట్లా చట్టం, వైద్యం, భూగోళం, అన్నీ ముక్కలు ముక్కలుగా వచ్చాయి. గొప్ప కోసం రాయడం లేదు. ముందు ముందు ఒక తప్పు జరుగుతుంది, అది నాది, అందుకని చెబుతున్నాను.

నా భార్య పుట్టిల్లు కాచిగూడలో ఒక లాడ్జి. మా మామగారు అక్కడ గుమాస్తా. లాడ్జి వెనక ఆయనకు ఒక గది ఇచ్చారు, సంసారమంతా అందులోనే. ఆయన పోయిన నెలకే ఆ గది ఖాళీ చేయించారు. నువ్వు పుట్టింటికి పోవాలంటే రోజు కిరాయి కట్టి పోవాలె అని కొత్తలో ఒకసారి ఎగతాళి చేశాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు చాయ్ ఇచ్చింది గాని అందులో చక్కెర లేదు. ఆ ఎగతాళి మళ్ళీ చేయలేదు.

మా దిక్కు పెళ్ళయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్ళు పిలిచి ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, కుడకలు అంటే ఎండుకొబ్బరి చిప్పలు, పోకలు, ఖర్జూరాలు, ఒక రవికబట్ట. మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టి, ఐదుసార్లు దోసిళ్ళతో ఆమె కొంగులో పోస్తారు. ఆ బియ్యం మూటగట్టి తెచ్చుకుని ఆమె తన ఇంట్లో వండి నలుగురికీ పెడుతుంది. ఏ వయసు ఆడమనిషికైనా ఆ మూట ఉంటే నాకూ వెనక ఒక ఇల్లుందని ధైర్యం. తల్లిదండ్రులు పోయాక అది తమ్ముడి బాధ్యత. తన కిరాయి గదుల్లోనే పోస్తూ వచ్చాడు. చివరిసారి పోసి పందొమ్మిదేళ్ళయింది. ఆ రోజు మూడో దోసిలి పోస్తుండగా ఓనరమ్మ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది.

"ఎంతమందిని పిలిచినవ్? ఇదేమన్న ఫంక్షన్ హాలా? ట్యాంకిల నీళ్ళన్ని అయిపోయినయ్," అన్నది.

నేను జవాబు చెప్పబోతే నా భార్య నా మోచెయ్యి గిల్లింది. ఆమె కొంగు బిగించి పట్టుకుని లేచింది. మిగిలిన రెండు దోసిళ్ళు పోయనేలేదు. ఇంకోసారి పోస్తే సొంత జాగాలోనే పోస్తానని ఆ సాయంత్రం మా బామ్మర్ది అన్నాడు. తర్వాత అక్క అడిగినా, నేను తిట్టినా పోయలేదు.

ఇంత చెప్పిన తర్వాత, పోయిన చలికాలం అతను ఒక కరపత్రం పట్టుకుని మా ఇంటికి ఎందుకొచ్చాడో అర్థమవుతుంది. పేపరు మధ్యలో పెట్టి పంచిన కాగితం అది. అండమాన్ దీవుల్లో, ఓడ మీద పోవాల్సిన ఒక చిన్న దీవిలో, సముద్రం ముందర రెండొందల గజాలు. కొబ్బరిచెట్ల బొమ్మ ఉంది. ఇట్లాంటి బొమ్మలు నేను చాలా చూశాను. ఊరవతల బండరాళ్ళ మీద కూడా కొబ్బరిచెట్లు గీసి వెంచర్లు అమ్మినవాళ్ళు ఈ నగరంలో ఉన్నారు. ఇన్నేళ్ళు కిరాయి కట్టినవాడికి ఇదే నగరంలో జానెడు జాగా ఎందుకు దొరకదని నేను మొదలుపెట్టాను. అతను ఆ ఉపన్యాసం అయ్యేదాకా ఆగాడు.

"నా పైసలకు ఇక్కడ బాత్రూమంత జాగ రాదు బావా. ఆడ రెండొందల గజాలొస్తది."

"ఆడికి పోయి ఏం జేస్తవ్‌రా? ఎట్లుంటవ్?"

"ఉండనీకి గాదు," అన్నాడు. "అక్కను పిలవనీకి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. 

నారాయణగూడలో ఫ్లైఓవర్ ఎదురుగా రెండో అంతస్తులో ఆ కరపత్రం వేయించిన మధ్యవర్తి ఆఫీసు. వెనకటి దస్తావేజులన్నీ తెప్పించి రెండు పూటలు కూర్చుని చదివాను. మీరు లాయరా పెద్దాయనా అని అతను అడిగాడు. బైండర్నని చెప్పాను. కాగితాల్లో నాకు ఏ లోపమూ కనబడలేదు. అమ్మేది ఆ దీవిలోనే ఉండే ఒక ముసలామె, శ్రీకాకుళం నుంచి ఎప్పుడో పోయి స్థిరపడినవాళ్ళ కుటుంబం. సర్కారు అనుమతి రావాలి, దానికి టైం పడుతుందని రాసే ఉంది. నాలుగు హద్దులూ స్పష్టంగా ఉన్నాయి. పడమర దారి, ఉత్తరం, దక్షిణం కొబ్బరితోట, తూర్పు సముద్రం. తూర్పున నీళ్ళున్నయ్, వాస్తుకు ఇంతకంటె ఏం గావాలె అని మా బామ్మర్ది మురిసిపోయాడు. జాగా చూడకుండా ఒక్క రూపాయి బయానా ఇచ్చేది లేదని నేను కచ్చితంగా చెప్పాను. చూసి నచ్చితే ఆ ముసలామె చేతికే ఇద్దామని, అదే మట్టి మీద అక్కకు ఒడిబియ్యం పోద్దామని అనుకున్నాం. అందుకని ముగ్గురం బయల్దేరాం.

ఎయిర్‌పోర్టులో కుడకలు తీసేశారు. ఎండుకొబ్బరి అంటుకుంటుందట, విమానంలో కుదరదట. ఈ దేశంలో ఇన్ని అంటుకుంటుండగా ఆడబిడ్డ ఒడిలో పోసే కొబ్బరి ఒక్కటే కనబడిందా అని నేను అక్కడ నిలబడి అడిగాను. వెనక వరస పెరిగింది. నా భార్య ఐదు కుడకలూ తీసి ఆ డబ్బాలో వేసింది. కుడకలు లేకుండా ఒడిబియ్యం ఏంటని విమానం దిగేదాకా కిటికీలోంచి బయటికే చూసింది.

ఓడలో నాకు వాంతులయ్యాయి, ఆమెకు కాలేదు. ఈ సంగతి చిక్కడపల్లిలో తెలియనివాళ్ళు లేరు.

నిజం చెప్పాలి, ఆ దీవి చూడగానే నా కోపం సగం దిగిపోయింది. ఒకటే రోడ్డు. దానికి రెండు పక్కలా పోకచెట్లు, కొబ్బరి, రేకుల ఇళ్ళు. ఎక్కడా ఒక టు-లెట్ బోర్డు లేదు. ముసలామె మమ్మల్ని తన ఇంట్లోనే దించుకుంది. తెలుగు వినబడేసరికి నా భార్య చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకే పోయింది. వాళ్ళిద్దరి మాట ఒకరిది ఒకరికి సగమే అర్థమయింది, అయినా ఆపలేదు.

మధ్యాహ్నం మూడింటికి జాగా దగ్గరికి పోయాం. మధ్యవర్తి తరఫు మనిషి టేపు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. దారి దగ్గర మొదలుపెట్టి, కొబ్బరిచెట్ల వరస దాటి, ఎండిన నాచు ఒక గీతలా పడి ఉన్నచోట ఆగిపోయాడు. చూస్తే గట్టిగా పాతిక అడుగులు లేదు. సముద్రమేమో అక్కడికి ఎంతో దూరంలో మెరుస్తోంది. మధ్యలో అంతా చదునైన తడి ఇసుక, నడిస్తే పాదం దిగనంత గట్టిది.

నాకు ఒళ్ళు మండింది. టేపు వదులుగా పట్టేవాళ్ళను, రాయి జరిపేవాళ్ళను నేను హైదరాబాదులో ఎంతమందిని చూడలేదు? కాగితం తీసి చూపించాను. తూర్పు హద్దు సముద్రం. నాచు అని లేదు. నీళ్ళు తగిలేదాకా కొలవాల్సిందేనన్నాను. అతను హిందీలో ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు. భుజాలెగరేసి టేపు చివర నా చేతిలో పెట్టాడు. నేనూ మా బామ్మర్దీ కొలుచుకుంటూ నీళ్ళ దాకా పోయాం. సరిగ్గా రెండొందల గజాలు వచ్చింది. చూశావా అన్నాను. మనవైపు జాగా కొన్నవాడు ముందు నాలుగు మూలలా రాళ్ళు పాతించి సున్నం కొడతాడు. అక్కడ రాళ్ళు లేవు, పడిపోయిన పోకచెట్ల కర్రలున్నాయి. ఇల్లు వచ్చే చోట ఇసుకలో నాలుగు పాతాం. నా భార్య ఒక్కోదానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. మా బామ్మర్ది ఆ నాలుగు కర్రల మధ్య అటూ ఇటూ నడిచాడు. ఇది హాలు, ఇది వంటిల్లు, ఇక్కడ అక్కకు గది అన్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి, లేని గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

మరునాడు తొమ్మిదింటికి స్నానాలు చేసి, కొత్త బట్టలు కట్టుకుని, బియ్యం డబ్బా పట్టుకుని పోయాం. జాగా లేదు.

నాచు గీత దాకా నీళ్ళున్నాయి. చాలా దూరంలో, సముద్రం మధ్యలో, రెండు కర్రల కొసలు మాత్రం కనబడుతున్నాయి. ఒకదాని మీద కొంగ లాంటి పిట్ట కూర్చుంది.

ఆటుపోట్ల గురించి నాకు తెలియదని ఎవరూ అనుకోవద్దు. సముద్రాల పాఠం ఉన్న ఫారం నా చేతులతో మడిచాను. చంద్రుడు, ఆకర్షణ, రోజుకు రెండు మార్లు, బొమ్మతో సహా గుర్తుంది. కాని మాకు తెలిసిన నీళ్ళు హుస్సేన్‌సాగర్ నీళ్ళు. అవి వానాకాలం కొంచెం ఉబ్బుతాయి, ఎండాకాలం వాసన వేస్తాయి. పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకోచోట ఉండే అలవాటు వాటికి లేదు. తడి ఇసుక మీద నిలబడి, అది ఎందుకు తడిగా ఉందని నేను అడగలేదు.

ముసలామె మా వెనకే వచ్చింది.

"నిన్న మీరు సంద్రంలో కర్రలు పాతుతుంటే వలలు కట్టడానికేమో అనుకున్నాను బాబూ," అన్నది. "ఇంటికని అనుకోలేదు."

ఆమెను తప్పు పట్టడానికి లేదు. ఆమె పెళ్ళినాటికి ఆ కర్రల దాకా కొబ్బరితోటేనట. సముద్రం ఏటేటా లోపలికి వచ్చింది, కాగితం అక్కడే ఉండిపోయింది. అమ్ముతావా అని మధ్యవర్తి అడిగాడు, అమ్ముతానన్నది. ఎంత మిగిలిందని అతను అడగలేదు. ఆ పాతిక అడుగులైనా తీసుకోండి, ఇంకో పది వర్షాకాలాలు ఉంటుందేమో అన్నది. మా బామ్మర్ది తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఖాళీ చేయమని చెప్పేవాడున్న జాగా నాకొద్దన్నాడు. బియ్యం డబ్బా పక్కన పెట్టుకుని ఇసుకలో కూర్చున్నాడు.

"ఇన్ని బుక్కులు కుట్టిండ్రు," అని నా భార్య నాతో మెల్లగా అన్నది. "సముద్రం నడుస్తదని ఒక్కదాంట్లన్న లేదా?"

అయిదు దశాబ్దాల సంసారంలో నేను ఎదురు మాట్లాడని రోజు అదొక్కటే కావచ్చు.

మధ్యాహ్నం అన్నాలు ఎవరం సరిగ్గా తినలేదు. ముసలామె ఇంటి వెనక చాప మీద కొబ్బరి ఎండబెట్టి ఉంది. నా భార్య అక్కడ చాలాసేపు నిలబడింది. తర్వాత ముసలామెను ఏదో అడిగింది. ఇద్దరూ కలిసి ఐదు మంచి కుడకలు ఏరారు. ఆ కొబ్బరి ఆ జాగా పక్క చెట్లదేనని ముసలామె చెప్పింది. నా భార్య వాటిని కొంగులో కట్టుకుని, తమ్ముణ్ణి లేపి, మా ఇద్దరినీ మళ్ళీ ఒడ్డుకు తీసుకుపోయింది.

నీళ్ళు పోయాయి. మా నాలుగు కర్రలూ బయటికొచ్చి నిలబడ్డాయి. పసుపు పోలేదు, కుంకుమ పోయింది.

ఆమె నడిచి నడిచి, అతను నిన్న నీకు గది అని చూపించిన చోట ఆగింది.

"నీళ్ళు మళ్ళొచ్చేదాక ఇది ఎవరిదిరా?" అని అడిగింది.

"ఎవరిది గాదక్కా."

"ఓనర్ లేడు గద?"

"లేడు."

"అయితే పొయ్యి."

ముసలామె ఇచ్చిన పీట మీద ఆమె, పక్కన మడిచిన తువ్వాల మీద నేను కూర్చున్నాం. పొద్దు మా వెనక కొబ్బరిచెట్లలోకి దిగుతోంది. అతను మోకాళ్ళ మీద వంగి దోసిలి నింపాడు. వేళ్ళ సందుల్లోంచి కొంత బియ్యం ఇసుకలో పడింది. అది కూడా ఏరి కొంగులో వేశాడు. ఒకటి. రెండు. మూడో దోసిలి పోస్తుంటే నా పాదాలకు చల్లగా తగిలింది. చూస్తే నీటి అంచు, వేలెడు మందం కూడా లేదు, చప్పుడు లేకుండా పీట కింది నుంచి పోతోంది.

అతను దోసిలి అట్లాగే పట్టుకుని ఆగిపోయాడు.

"ఓనర్ వచ్చిండక్కా," అన్నాడు.

"రానీ," అన్నది ఆమె. కొంగు ఇంకొంచెం వెడల్పుగా పట్టింది. "రెండు బాకీ ఉన్నయ్. పొయ్యి."

పోశాడు. ఐదూ అయ్యేసరికి పీట కాళ్ళు మునిగాయి. నా కొత్త పంచె మోకాళ్ళ దాకా తడిసింది. ఆమె లేచి నిలబడి నవ్వుతోంది. ఆ నవ్వు నేను మొదటిసారి కాచిగూడ లాడ్జి మెట్ల మీద చూసిందే. అతను ఏడుస్తున్నాడని నేను చూడనట్టు కర్రలు పీకే పని పెట్టుకున్నాను. మూడు పీకాను. నాలుగోది వద్దు బావా, ఉండనీ అన్నాడు.

ఊరికొచ్చిన తర్వాత ఒక శుక్రవారం మా గల్లీలో నలుగురినీ పిలిచి నా భార్య ఆ బియ్యం వండింది. ఎన్నిసార్లు కడిగినా ఇసుక పోలేదు. నాలుగు ముద్దలకు ఒకసారి పంటికింద కరకరమన్నది. వచ్చినవాళ్ళు మర్యాదకు ఏమీ అనలేదు. నేను అనలేదంటే చిక్కడపల్లిలో ఎవరూ నమ్మరు, కాని అనలేదు. ఇసుక తగుల్తున్నదా అని తమ్ముడు అడిగితే, తగలనీరా, మన జాగనే గద అని ఆమె ఇంకో ముద్ద కలిపింది. ఆ రాత్రి వాన పడింది. వాన వంక చెప్పి అతను మొదటిసారి మా మీది గదిలో పడుకున్నాడు. పొద్దున్నే చాయ్ కూడా తాగకుండా పోయాడు.

ఆ దీవిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు పోతాయో ఫోన్‌లో చూడటం హాస్టల్ పిల్లలు అతనికి నేర్పించారు. దినాం చూసుకుంటాడు. పోయిన నెల ఆ హాస్టల్‌ను కూడా కూలగొడతామన్నారు. మళ్ళీ ఇద్దరం టు-లెట్ బోర్డులు వెతుక్కుంటూ తిరుగుతున్నాం. మొన్న నారాయణగూడలో ఒక ఆకుపచ్చ గేటు ఇంటావిడ ఫ్యామిలీయా, బ్యాచిలరా అని అడిగి, జవాబు విని, అతన్ని పైనుంచి కిందికి చూసింది. ఇంత వయసొచ్చింది, సొంత జాగా ఏం లేదా అన్నది. నా నాలుక దాకా ఒక మంచి మాట వచ్చింది. అంతలో అతను జేబులోంచి ఫోన్ తీసి, కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"ఉన్నదమ్మా. గిప్పుడు నీళ్ళల్ల ఉన్నది. నాలుగున్నరకు బయటికొస్తది."

ఆమె నా వైపు చూసింది.

"నిజమే అమ్మా," అన్నాను. "కొలిచింది నేనే."